మట్టి ఎవరిది, చోటు ఎవరిది? సుస్థిర గృహనిర్మాణ వాదానికి పల్లె వేసే ప్రశ్నలు

మట్టికి మళ్ళీ మంచిరోజులు వచ్చాయంటున్నారు. ప్రపంచం గాలిలోకి వదిలే బొగ్గుపులుసు వాయువులో సుమారు 7, 8 శాతం ఒక్క సిమెంటు తయారీవల్లే వస్తోందనీ, కాబట్టి సిమెంటు తగ్గించుకుని కాళ్ళకింద ఉన్న మట్టితో, కూల్చిన ఇళ్ళ ఇటుకలతో, పాత తలుపులూ దూలాలతో ఇళ్ళు కట్టుకోవాలనీ ఆర్కిటెక్టులు చెబుతున్నారు. దీనికి సుస్థిర నిర్మాణం అని పేరు పెట్టారు. వాళ్ళు చెప్పే లెక్కలో తప్పేమీ లేదు. తప్పంతా చూపులో ఉంది. ఆ చూపుకి మట్టి కనపడుతుంది గానీ ఆ మట్టి ఎవరి పొలంలోదో కనపడదు. గోడ కనపడుతుంది గానీ గోడ పెట్టినవాళ్ళు కనపడరు. ఇల్లు కనపడుతుంది గానీ ఆ ఇల్లు ఊళ్ళో ఏ మూల ఉందో కనపడదు.

ఈ వాదాన్ని తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో నిలబడి పరిశీలించాలని ఈ వ్యాసం ఉద్దేశం. ఈ ప్రాంతంలో ఊరు వేరు, పల్లె వేరు. పుస్తకాల తెలుగులో పల్లె అంటే గ్రామం. మా డెల్టాలో పల్లె అంటే మాలపల్లె, మాదిగపల్లె. ఊరివాడికి మట్టి ఇల్లు తాతలనాటి తీపి జ్ఞాపకం. పల్లెకు అది నిన్నమొన్నటిదాకా వేరే దారిలేని బతుకు. ఒకే మట్టికి రెండు చరిత్రలున్నప్పుడు ఒకే పొగడ్త ఎలా సరిపోతుంది?

అడుసు తొక్కినవాళ్ళు

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని సామెత. తొక్కకుండా తప్పించుకునే వీలున్నవాడు పుట్టించిన సామెత ఇది. డెల్టాలో దమ్ము చేసిన మడిలో దిగి నాట్లు వేసిందీ, గోడకు మట్టి తొక్కిందీ కూలిజనమే, అందులో ఎక్కువమంది పల్లెజనమే. వాళ్ళకు అడుసు తొక్కడమా మానడమా అనే ప్రశ్నే లేదు.

మట్టిగోడ పెట్టడం తేలిక పని అనుకుంటారు చూసేవాళ్ళు. మట్టి తవ్వాలి, గడ్డలు చితక్కొట్టాలి, నీళ్ళు పోసి మాగబెట్టాలి, వరిగడ్డి ముక్కలో ఊకో కలిపి తొక్కాలి. ఒక వరస పెట్టి ఆరనిచ్చి దానిమీద ఇంకో వరస పెట్టాలి. తొందరపడితే గోడ కుంగుతుంది. ఎండకు వదిలేస్తే పగులుతుంది. ఏ మట్టిలో ఎంత ఇసక పడుతుందో చేతిలో ముద్దచేసి చెప్పగలిగినవాళ్ళు మనవాళ్ళలో ఉన్నారు. ఇదే పనిని పట్నంలో వర్కుషాపు పెట్టి నేర్పితే విజ్ఞానం అవుతుంది. పల్లెలో చేస్తే కూలిపని. అదే చెయ్యి, అదే ముద్ద. మారిందల్లా కులమూ సర్టిఫికెట్టూ.

ఇంకో సంగతి ఉంది. మట్టి ఇల్లు ఒకసారి కట్టి వదిలేసేది కాదు. నేల పేడతో అలకాలి, వానాకాలం పోగానే గోడలు మెత్తాలి, పండక్కి సున్నమో ఎర్రమట్టో పూయాలి. తాటాకు కప్పు రెండు మూడేళ్ళకోసారి మార్చాలి. ఈ చాకిరీలో కప్పు పని మగవాళ్ళది, మిగిలిందంతా ఆడవాళ్ళది. పొద్దుగూకులూ నడుం వంచి నాటు వేసొచ్చిన మనిషి మళ్ళీ నడుం వంచి నేల అలకాలి. సుస్థిరం అంటే నిలిచి ఉండేది అని గదా అర్థం. ఆ నిలబెట్టే పని ఎవరి నడుం మీద పడుతోందో అంచనా కాయితంలో ఎక్కడా రాయరు. మన ఆడవాళ్ళు సిమెంటు గచ్చు కావాలంటే అది పట్నం మోజు అనేస్తారు. రోజూ ఆ నేల అలికే పని లేనివాళ్ళకు అలాగే అనిపిస్తుంది మరి.

అయిదు మైళ్ళ లోపల

1945లో ఇండియాకు వచ్చి ఇక్కడే ఉండిపోయిన లారీ బేకర్‌ను ఈ విషయంలో తప్పకుండా గౌరవించాలి. ఇటుక ఆదా చేసే ర్యాట్ ట్రాప్ గోడ, సిమెంటు ఆదా చేసే ఫిల్లర్ స్లాబు లాంటి పద్ధతులను కేరళలో సామాన్యుల ఇళ్ళదాకా తీసుకెళ్ళాడు. మట్టి గురించి ఎవరికైనా అర్థమయ్యేలా బొమ్మలు వేసి చిన్న పుస్తకం రాశాడు. పేదవాడి డబ్బు వృథా చేయకూడదన్న పట్టుదల ఆయనది. ఆయన తరచూ తలచుకున్న గాంధీ మాట ఒకటుంది: ఇంటికి కావలసిన సరుకంతా అయిదు మైళ్ళ లోపలే దొరకాలని. వినడానికి ఎంత బాగుందో! మా అయిదు మైళ్ళు చూద్దాం.

తెనాలి చుట్టుపక్కల ఎక్కువగా ఉన్నది నల్లరేగడి. నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండకు బారెడు నెర్రెలిస్తుంది. వరికి బంగారం గానీ గోడకు శత్రువు. సిమెంటో సున్నమో కలిపి ప్రెస్సులో అదిమి చేసే మట్టి ఇటుకకు ఇసక పాలు ఎక్కువగా, బంకపాలు తక్కువగా ఉన్న మట్టి కావాలి. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో 1974లో మొదలైన 'అస్త్ర' విభాగం ఈ ఇటుక మీద ఏళ్ళతరబడి పనిచేసింది. ఆ పక్క ఎర్రనేలలకు బాగా నప్పిన ఆ పద్ధతి మా నల్లరేగడికి సున్నంగానీ బయటి ఇసకగానీ బాగా కలిపితే తప్ప నప్పదు. బాపట్ల పక్క సముద్రం ఒడ్డున ఇసక దండిగా ఉంది, కానీ అందులో ఉప్పుంటుంది. ఉప్పు గోడను తింటుంది.

మంచి మట్టి, మంచి ఇసక ఉన్నవి కృష్ణ లంకల్లో. కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె పక్క లంకల్లో వరదతో వచ్చే ఒండ్రు ఇటుకకు బాగా పనికొస్తుంది. అందుకే అటు ఇటుక బట్టీలు వెలిశాయి. ఆ మట్టి ఎవరిది? ప్రభుత్వం కాయితం మీద పేదలకిచ్చిన లంక భూముల్లో మట్టిని కూడా లారీల కెత్తుతుంటే, బట్టీ దగ్గర ఇటుక కోసే పనికి మాత్రం పేదలే కావాలి. కప్పుకు తాటాకు కావాలన్నా అంతే. తాటిచెట్టు గట్టు మీద ఉంటుంది, గట్టు ఆసామిది. కమ్మ కొట్టుకోవాలంటే అడగాలి. అడిగినందుకు ఒకరోజు వెట్టి చెయ్యాలి. ఈ లెక్కలో అయిదు మైళ్ళ లోపల అన్నీ ఉన్నాయి, మనది మాత్రం ఏదీ లేదు. స్థానిక వనరులు అన్నమాట ఎంత తీయగా ఉన్నా, స్థానికంగా వాటి మీద పెత్తనం ఎవరిదో అడక్కుండా ఒప్పుకోలేం. అంబేద్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో గ్రామ స్వరాజ్య కలను ఎందుకు తిప్పికొట్టాడో ఇక్కడ అర్థమవుతుంది.

పెంకు మీద నిషేధం

మనవాళ్ళు ఇన్ని తరాలు మట్టిలో, తాటాకులో ఉన్నది మట్టి మీద ప్రేమతో కాదు. 'అంటరానివాళ్ళు లేక భారతదేశపు ఘెట్టో బిడ్డలు' అన్న రచనలో (అది ఆయన పోయాక 1989లో అచ్చయింది) ఊరు అంటరానివాళ్ళ మీద పెట్టిన కట్టుబాట్లను అంబేద్కర్ వరసగా రాశాడు. భూమీ పశువులూ సంపాదించుకోవడం, శుభ్రమైన బట్ట కట్టడం ఎలా నేరమో, పెంకుటిల్లు కట్టుకోవడం కూడా అలాగే నేరం. అంటే కప్పు కూడా కులమే నిర్ణయించింది. పెంకు వేసుకుంటే తన్నే సమాజంలో తాటాకు వేసుకున్నవాణ్ణి ప్రకృతి ప్రేమికుడు అనడం వెక్కిరింత కాదా?

ఇద్దరు నాయకుల ఇళ్ళు పక్కపక్కన పెట్టి చూడండి. గాంధీ 1936లో వార్ధా దగ్గర సేవాగ్రామ్‌లో మట్టి కుటీరంలోకి వెళ్ళాడు. అంబేద్కర్ 1930లలో బొంబాయి దాదర్‌లో ఇటుకా సిమెంటుతో మేడ కట్టుకుని, దానికి బౌద్ధ నగరం పేరుతో రాజగృహ అని పేరు పెట్టుకున్నాడు. ఆ మేడ పుస్తకాల కోసం. వాన కురిసే కప్పు కింద పుస్తకం దాచలేం గదా. పక్కా ఇంట్లో పుట్టినవాడికి మట్టిలోకి దిగడం త్యాగం. మట్టిలోకి నెట్టబడ్డవాడికి మేడ కట్టడం తిరుగుబాటు. మొదటిదాన్ని ఆదర్శమనీ రెండోదాన్ని ఆడంబరమనీ అనేవాళ్ళ తూకంలో ఏదో మోసం ఉంది.

తాటాకు ఇంకో పని కూడా చేసింది. అది అంటుకుంటుంది. ఎండాకాలంలో పొయ్యి నిప్పురవ్వ ఎగిరితే వరసంతా బూడిదే. దానికి తోడు కావాలని పెట్టే నిప్పు. 1968 డిసెంబర్ 25న తంజావూరు జిల్లా కీళ్‌వెణ్మణిలో ప్రాణభయంతో ఒక గుడిసెలో దూరిన 44 మంది దళితుల్ని గుడిసెతో సహా తగలబెట్టారు. బోయి భీమన్న తన పుస్తకానికి 'గుడిసెలు కాలిపోతున్నై' అని పేరు పెట్టడం ఊరికే కాదు. ఆ పుస్తకానికి 1975లో సాహిత్య అకాడమీ బహుమతి ఇచ్చారు. గుడిసెలు కాలడం మాత్రం బహుమతితో ఆగలేదు. కాలని కప్పు కావాలి అన్నది మన సాహిత్యంలోంచీ బతుకులోంచీ వచ్చిన కోరిక.

అలాగే స్లాబు. 1977 నవంబర్ 19 ఉప్పెన దివిసీమను ఊడ్చిపెట్టింది. పదివేలకు పైగా జనం పోయారు. కృష్ణకు ఇవతల రేపల్లె, నిజాంపట్నం తీరమూ దెబ్బతింది. 1990 మేలో మళ్ళీ పెద్ద తుఫాను. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. 2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజి దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద వచ్చి లంక గ్రామాలు మునిగాయి. ఇలాంటి చోట స్లాబు అంటే ముందు ఎక్కి నిలబడే చోటు, తర్వాతే ఇంటి కప్పు. మనవాళ్ళు స్లాబు ఇల్లు అడిగితే అగ్రవర్ణాలను అనుకరిస్తున్నారని రాసే పెద్దలు నీళ్ళు నడుములోతు వచ్చిన రాత్రి ఏ చెట్టెక్కుతారో చెప్పాలి.

అట్లాగని సిమెంటును దేవుణ్ణి చేయనక్కర్లేదు. కాంట్రాక్టరు చేతివాటంతో, చాలీచాలని సిమెంటుతో, ఉప్పుగాలి తగిలే చోట కట్టిన ప్రభుత్వ కాలనీ ఇళ్ళు చాలా ఏమయ్యాయో మనకు తెలుసు. లోపలి ఇనుము తుప్పుపట్టి, ఉబ్బి, స్లాబు పెచ్చులూడి పిల్లల మీద పడుతోంది. నాసి కాంక్రీటు కన్నా మంచి మట్టి మేలనే మాట నిజమే. కానీ ఆ మాట అనే హక్కు ముందు ఆ స్లాబు కింద పడుకునేవాళ్ళది.

పాత సామాను ఎవరి చేతిలో ఏమవుతుంది

వాడిన సరుకును మళ్ళీ వాడటం పల్లెకు కొత్తగా నేర్పాలా? ఊళ్ళో పాతిల్లు పడగొడితే ఇటుక ముక్కా, విరిగిన వాసమూ, చెదపట్టిన గుమ్మమూ పల్లెకే వచ్చేవి, అదీ కూలి కింద. తారుడబ్బా విప్పి రేకు చేసింది మనవాళ్ళు. యూరియా సంచులు కుట్టి వానకు అడ్డం కట్టింది మనవాళ్ళు. ఎన్నికలయ్యాక నాయకుల ఫ్లెక్సీలు కప్పు మీదికెక్కుతాయి. ఓటు అడిగిన మొహం కింద నాలుగేళ్ళు పడుకుంటాం. దీన్నెవరూ పునర్వినియోగం అనలేదు, మురికివాడ అన్నారు. తెనాలి శిల్పులు పాత ఇనుప బోల్టులూ మోటారు సామానూ అతికి ఎత్తైన విగ్రహాలు చేస్తారు. అది మెచ్చుకోవలసిన పనితనమే. మరి అదే తుక్కుతో వానకు నిలబడే ఇల్లు కట్టిన పనితనానికి పేరెందుకు లేదు?

పాత సామాను చరిత్రలో మనకు ముఖ్యమైన పేజీ భట్టిప్రోలు. రేపల్లెకు దగ్గర్లోనే ఉన్న ఆ బౌద్ధ స్తూపం క్రీస్తుకు పూర్వం నాటిది. 1892లో అలెగ్జాండర్ రే తవ్వినప్పుడు అక్షరాలు చెక్కిన ధాతు కరండాలు బయటపడ్డాయి. తెలుగు నేల మీద దొరికిన అతి పాత రాతల్లో అవి ఉన్నాయి. కానీ రే వచ్చేనాటికే స్తూపం ఇటుక రోడ్లకూ, పాలరాయి వెల్లటూరు తూము పనికీ వెళ్ళిపోయింది. అమరావతి స్తూపానికీ అదే గతి. 1790లలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ పట్నం కట్టించేటప్పుడు స్తూపం రాళ్ళు, ఇటుకలు తవ్విపోశారు. ఇదీ పునర్వినియోగమే! కులాన్ని ఒప్పుకోని ధర్మం కట్టిన గోడలు రోడ్డు కంకర అయ్యాయి. కాబట్టి పాత ఇటుక వాడారా లేదా అనేది ఒక్కటే అడిగితే చాలదు. ఎవరి కట్టడాన్ని కూల్చి, ఎవరి కోసం, ఎవరి అనుమతితో వాడారు అని అడగాలి.

కొత్త వ్యర్థాల సంగతి కూడా ఇంతే. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ 1979 నుంచి బొగ్గు కాలుస్తూ బూడిద పోస్తోంది. ఆ బూడిదతో మంచి ఇటుక వస్తుంది. బూడిదా, సున్నమూ, జిప్సమూ కలిపి బట్టీలో కాల్చకుండా ఇటుక చేసే పద్ధతిని విశాఖపట్నంలో తెలుగువాళ్ళే పైకి తెచ్చారు. లంక మట్టి తవ్వకుండా ఇల్లు కట్టే దారి ఇది. అయితే బూడిద ఇటుక యూనిట్లు ఎవరి పేరు మీద ఉన్నాయి, పల్లె సంఘాల పేరు మీద ఎన్ని ఉన్నాయి అని లెక్క తీస్తే గదా సుస్థిరత ఎవరికి స్థిరపడిందో తేలేది.

సెంటున్నరలో ఎంత గోడ

ఇప్పుడు అసలు విషయం, చోటు. దళితులకు ఇళ్ళ స్థలాలు ఇచ్చే పని మద్రాసు ప్రభుత్వం 1920లలో లేబర్ శాఖ ద్వారా మొదలుపెట్టింది. వందేళ్ళయింది. 2020 డిసెంబర్‌లో మొదలైన పథకంలో పట్నంలో సెంటు, పల్లెటూళ్ళో సెంటున్నర ఇచ్చారు. 340 చదరపు అడుగుల ఇంటికి లక్షా ఎనభై వేలు. 2024లో వచ్చిన ప్రభుత్వం రెండు సెంట్లు, మూడు సెంట్లు ఇస్తామంటోంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. 20 అడుగుల పొడవు, 17 అడుగుల వెడల్పు ఇల్లు, బయటి కొలత 340 అడుగులు. పాతపద్ధతిలో అడుగున్నర మందం మట్టిగోడ పెడితే లోపల మిగిలేది 17 అడుగులు, 14 అడుగులు, అంటే 238 అడుగులు. 102 అడుగులు, దాదాపు మూడోవంతు గోడకే పోయింది. తొమ్మిదంగుళాల గోడైతే పోయేది 53 అడుగులే. మందపు మట్టిగోడ చల్లగా ఉంటుందనేది నిజం. ఆ చల్లదనం చోటున్నవాడికి. ఎకరం తోటలో కట్టే మట్టి ఇంటి నమూనాను సెంటు స్థలానికి తెచ్చి, మీకు రుచి లేదు, మీకు పర్యావరణ స్పృహ లేదు అంటే ఎలా? మనకు లేనిది స్పృహ కాదు, స్థలం.

ఆ స్థలమైనా ఎక్కడ? తరచుగా పల్లపు భూమిలో. వాన పడితే కాలనీలో నీళ్ళు. మెరక తోలాలంటే మళ్ళీ మట్టి కొనాలి. తరతరాలు ఊరికి మట్టి మోసినవాడు తన పునాది కింద పోసుకునే మట్టిని ట్రాక్టరు లెక్కన కొనుక్కుంటున్నాడు. డెల్టాలో మట్టి గురించి రాసే ఏ వ్యాసమైనా ఇక్కణ్ణించి మొదలుకావాలి.

చోటు అనే మాటకు ఈ ప్రాంతంలో నెత్తుటి చరిత్ర ఉంది. కారంచేడు, చుండూరు రెండూ 2022 ఏప్రిల్‌లో ఏర్పడ్డ బాపట్ల జిల్లాలోకే వచ్చాయి. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురిని చంపారు. గొడవ మొదలైంది మంచినీళ్ళ చెరువు దగ్గర. బాధితులు ఆ ఊరికి తిరిగిపోకుండా చీరాలలో విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపారు. ఊరు విడిచినవాళ్ళు తెనాలిలో శిబిరంలో తలదాచుకున్నారు. చనిపోయినవాళ్ళను ఎక్కడో ఊరవతల కాదు, ఊరి నడిబొడ్డున పూడ్చి ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. న్యాయం చేజారినా ఆ చోటు ఉంది. ఈ తీరంలో దళితులు చేసిన అతిపెద్ద వాస్తు నిర్ణయాలు రెండూ ఇవే: ఒకటి ఆ ఊరి మట్టిని వదిలేసి కొత్తచోట ఇల్లు కట్టడం, రెండు ఊరు మధ్య మట్టిని తమ చనిపోయినవాళ్ళతో సొంతం చేసుకోవడం. ఆర్కిటెక్చర్ పాఠ్యపుస్తకాల్లో ఇవి లేకపోవడం వాటి లోపం.

గుర్నా, గాండో

ప్రపంచంలో మట్టి ఇంటివాదానికి మూలపురుషుడిగా చెప్పే ఈజిప్టు ఆర్కిటెక్టు హసన్ ఫతీ 1940లలో లక్సర్ దగ్గర కొత్త గుర్నా అనే ఊరిని మట్టి ఇటుకతో అందంగా కట్టాడు. పాత గుర్నా జనంలో ఎక్కువమంది అందులోకి రాలేదు. తమ బతుకుతెరువున్న చోటు నుంచి వాళ్ళను లేపేయడానికి ఆ ఊరు కట్టించారని వాళ్ళకు తెలుసు. గోడలు ఎంత బాగున్నా చోటు వాళ్ళు ఎంచుకున్నది కాదు. ఆ అనుభవం మీద ఆయన రాసిన 'పేదల కోసం వాస్తుశిల్పం' ప్రపంచమంతా చదివింది. 'కోసం' అన్న ఆ ఒక్క మాటలోనే తిరకాసంతా ఉంది.

దానికి ఎదురుగా బుర్కినా ఫాసో దేశంలో గాండో. ఆ ఊరి బిడ్డ ఫ్రాన్సిస్ కేరే బయట చదువుకుని, ఊరివాళ్ళతో కలిసి 2001లో మట్టి ఇటుకతో బడి కట్టాడు. ఊరివాళ్ళు మొదట మట్టిని నమ్మలేదు. ఆయన వాళ్ళను తిట్టలేదు. మట్టిలో కొంచెం సిమెంటు కలిపి, గోడలు తడవకుండా పైన వెడల్పాటి రేకు కప్పు వేసి, ఊరి చేతులతోనే కట్టించి నమ్మించాడు. 2022లో ఆయనకు ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. ఆ బహుమతి అందుకున్న మొదటి నల్లజాతి మనిషి ఆయన. గుర్నాకీ గాండోకీ తేడా మట్టిలో లేదు. ఎవరు తలపెట్టారు, ఎవరు ఒప్పుకున్నారు అన్నదాంట్లో ఉంది.

కాబట్టి మట్టి వద్దని మనం అనడం లేదు. మట్టి మనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మనం అడిగేది వరస మార్చమని. ముందు చోటు: పల్లంలో కాదు, 2024 వరద మట్టానికి పైన, ఊరితో కలిసి, ఆడమనిషి పేరుమీద పట్టాతో. తర్వాత పునాది, ఎక్కి నిలబడే కప్పు. ఆ తర్వాత గోడ దేనితో అన్నది ఇంటివాళ్ళ నిర్ణయం. ప్రెస్సు మట్టి ఇటుకా, బూడిద ఇటుకా, కూల్చిన ఇంటి ఇటుకా ఏది మేలో మన తాపీ మేస్త్రీలతో, మన ఇంజనీరింగు పిల్లలతో కూర్చుని తేల్చుకుంటాం. బాపట్లలోనూ తెనాలిలోనూ ఇంజనీరింగు చదివే దళిత విద్యార్థులు ఈ పనికి పూనుకోవాలి. తమ పల్లెలో ఎన్ని ఇళ్ళు పల్లంలో ఉన్నాయి, ఎన్ని స్లాబులు పెచ్చులూడుతున్నాయి, ఏ మట్టి ఏ పాళ్ళకు నిలబడుతుంది అన్న లెక్క ప్రాజెక్టు రిపోర్టుగా రాయాలి. మట్టి పేరుతో గవర్నమెంటు తన ఖర్చు తగ్గించుకోవడానికి వస్తే ఆ లెక్క చూపించి నిలదీయాలి. మట్టి ఇల్లు అంత గొప్పదైతే కలెక్టరు ఆఫీసూ ఆర్డీవో ఆఫీసూ ముందు మట్టితో కట్టమందాం. వాటికి అడుసు ఎవరు తొక్కుతారో, ఆ తొక్కినందుకు మేస్త్రీ కూలి ఇస్తారో మామూలు కూలి ఇస్తారో కూడా చూద్దాం.